ఆనరేరియంలో కోసిన టీడీఎస్‌కు లెక్క చెప్పండి

సంపాదకులకు,

తిరుపతిలో యూనివర్సిటీలకు కొదవ లేదు. ఎస్వీయూ, మహిళా వర్సిటీ, సంస్కృత విశ్వవిద్యాలయం, వెటర్నరీ వర్సిటీ, ఐఐటీ, ఐసర్ ఇలా ఎక్కడ చూసినా సెమినార్లు, వైవాలు, పేపర్ల దిద్దుబాటు. వీటికి వచ్చేవాళ్లకు ఇచ్చే ఆనరేరియం (గౌరవ పారితోషికం), అందులో కోసే టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) దగ్గర రెండు వైపులా అయోమయమే. ఇచ్చేవాళ్లు ఏ పద్దు కింద ఇస్తున్నారో చెప్పరు, పుచ్చుకునేవాళ్లు అడగరు.

ముందుగా ఒక అపోహ. ‘యాభై వేల లోపు ఆనరేరియానికి పన్ను లేదు’ అని స్టాఫ్ రూముల్లో గట్టిగా నమ్ముతారు. బంధువులు కానివాళ్లిచ్చే బహుమతులకున్న 50 వేల పరిమితిని దీనికి అంటగట్టారు. చేసిన పనికి ఇచ్చే డబ్బు బహుమతి కాదు. వృత్తి సేవల ఫీజులో టీడీఎస్ గురించి చెప్పే 1961 ఆదాయపు పన్ను చట్టం 194జె సెక్షన్‌లోనూ 50 వేలు ఉంది (2025 మార్చి 31 దాకా 30 వేలు). అయితే అది ఒక సంస్థ ఒక వ్యక్తికి ఆ ఏడాదంతా ఇచ్చిన మొత్తంలో టీడీఎస్ కోయాలా వద్దా అని చూసే హద్దు మాత్రమే. కోయకపోయినా, వచ్చింది రెండు వేలైనా, రిటర్నులో చూపాల్సిందే.

ఇక పద్దు సంగతి. సొంత యూనివర్సిటీ తన అధ్యాపకుడికే అదనపు పనికి ఇస్తే అది జీతంలో భాగం. జీతాల టీడీఎస్ సెక్షన్ 192 కింద జీతంతో కలిపి లెక్కగట్టాలి, యాజమాన్యం ఇచ్చే జీతం-పన్ను పత్రం ఫారం 16లో కనబడాలి. చాలా ఆఫీసులు ఆనరేరియం అనగానే ఎవరికైనా 194జె వేసి 10 శాతం కోసేస్తాయి. అక్కడే చిక్కు మొదలవుతుంది. జీతం ఒక ఫారంలో, ఆనరేరియం మరో ఫారంలో వచ్చి, జీతగాళ్లు వేసే తేలిక రిటర్ను ఐటీఆర్-1 వేసిన ఉద్యోగికి రిటర్నులో లోపం ఉందంటూ నోటీసు వచ్చే అవకాశం ఉంది. బయటి సంస్థ నుంచి ఎప్పుడో ఒకసారి వస్తే ‘ఇతర ఆదాయం’. దానికోసమే పెట్టిన ఖర్చుకు బిల్లులుంటే 57వ సెక్షన్ కింద తీసేసుకోవచ్చు. ఏడాది పొడవునా అదే పనైతే వృత్తి ఆదాయం, ఐటీఆర్-1 పనికిరాదు. 44ఏడీఏ కింద సగమే ఆదాయంగా చూపే వెసులుబాటు డాక్టర్లు, ఇంజినీర్లు, లాయర్లు, అకౌంటెంట్ల వంటి కొన్ని వృత్తులకే ఉంది. పాఠం చెప్పడం ఆ జాబితాలో లేదు. అయినా వాడేస్తున్న గెస్ట్ లెక్చరర్లు ఎంతోమంది.

ఫారం 15జి (నాకు పన్ను పడదు, కోయొద్దు అనే డిక్లరేషన్) ఇస్తే కోయరని కొన్ని ఆఫీసుల్లో క్లర్కులే సలహా ఇస్తుంటారు. 194జె చెల్లింపులకు అది చెల్లదు. కోత తగ్గాలంటే 197 కింద ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

అసలు నొప్పి ప్రభుత్వ ఆఫీసుల్లో ఉంది. బిల్లులోనే పన్ను కోసి ట్రెజరీ సర్దుబాటు చేస్తుంది, ఆ సర్దుబాటు లెక్క ఫారం 24జి దాఖలైతే బిన్ అనే గుర్తింపు నంబరు వస్తుంది. ఆ నంబరుతో డీడీవో (బిల్లులు పెట్టి డబ్బు డ్రా చేసే అధికారి) మూడు నెలలకోసారి టీడీఎస్ స్టేట్‌మెంట్ 26క్యూ వేయాలి. చాలాచోట్ల ఈ చివరి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. డబ్బు సర్కారుకు చేరినా ఆ మనిషి పన్ను ఖాతా వివరం 26ఏఎస్‌లో ఒక్క రూపాయి కనబడదు. ఆలస్యానికి 234ఈ కింద రోజుకు 200 రూపాయల ఫీజు పడుతుంది కదా అని భయపడి అసలు వేయడమే మానేసేవాళ్లున్నారు. వేయని కొద్దీ ఆ ఫీజు, కోసిన పన్నుకు సమానమయ్యేదాకా పెరుగుతూనే ఉంటుంది. కోసిన పన్నును మళ్లీ ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని 205వ సెక్షన్ చెబుతోంది. కానీ కోసినట్టు చూపడానికి చేతిలో కాగితం ఉండాలి కదా!

పాన్ విషయంలోనూ ఇంతే. వోచర్ మీద చేత్తో రాసిన పాన్‌ను చూసి టైపు చేస్తారు. ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. వ్యక్తులకు నాలుగో అక్షరం ఎప్పుడూ ‘పి’యే. ఒక్క అంకె తారుమారైనా సరైన మనిషి ఖాతాలో పడదు. దాన్ని సరిచేయాల్సింది కోసిన ఆఫీసే, సవరణ స్టేట్‌మెంట్ వేసి. అసలు పాన్ ఇవ్వకపోతే, లేదా ఆధార్‌తో కలపక అది మూలన పడితే, 10 బదులు 20 శాతం పోతుంది. వీటిని పట్టించుకోని ఆఫీసులు వెయ్యి రూపాయల రసీదుకూ రెవెన్యూ స్టాంపు అంటించమని మాత్రం పట్టుబడతాయి. 2004 నుంచి ఐదు వేలు దాటిన రసీదులకే అది అవసరం.

కాబట్టి ఇక్కడి రిజిస్ట్రార్లు, ఫైనాన్స్ ఆఫీసర్లు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. వోచర్ రెండో కాపీ మీద మొత్తం ఎంత, కోత ఎంత, ఏ సెక్షన్, పన్ను కోసే ఆఫీసుకుండే టాన్ నంబరు ఏమిటి అన్నవి ముద్రించి వక్త చేతికివ్వాలి. ప్రయాణ ఖర్చును ఆనరేరియంలో కలిపేయకుండా టికెట్లు జతచేసి వేరే బిల్లు పెట్టాలి. జనవరి-మార్చి చెల్లింపులకు ఫారం 16ఏ (కోసిన పన్నుకు సర్టిఫికెట్) జూన్ 15 లోగా ఇవ్వాలి. పైన చెప్పిన సెక్షన్లన్నీ 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా ఉన్న 2025 ఆదాయపు పన్ను చట్టంలో ఈ సంఖ్యలు మారాయి గనక, పాత వోచర్ పుస్తకాలనే వాడుతున్న ఆఫీసులు కొత్తవి అచ్చువేయించుకునేటప్పుడే ఈ గడులన్నీ చేర్చుకోవచ్చు.

– ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్, తిరుపతి