అప్పడాల కర్రకు గాడి

జీడిమెట్ల, హైదరాబాద్
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు మిషన్ పక్కన ఉన్నాను, ఆ చప్పుడులో సగం మాటలు వినపడలేదు. "ఆర్నెల్లుగా ఆ మూతలతో ఏం చేస్తున్నావురా" అన్నది మాత్రం వినపడింది. ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మేం తయారుచేసే పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బా నువ్వు చూశావు కదా, మర మూతది. నోరు 14 సెంటీమీటర్లు. ఊరగాయకీ, పిండికీ, చింతపండు గుజ్జుకీ హాస్టళ్ళ వాళ్ళు ఎక్కువ కొంటారు. సంక్రాంతి అయ్యాక అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్ నుంచి పదకొండు మూతలు వెనక్కొచ్చాయి. అన్నీ అంచు దగ్గరే పగిలాయి. కరిగించి పోసే ప్లాస్టిక్ దాణాలో తేడా వచ్చిందేమో అనుకుని రెండు రోజులు సరుకు చుట్టూ తిరిగాను. మూడో రోజు తెల్లారకుండానే బండేసుకుని వాళ్ళ వంటింటికే వెళ్ళి నిలబడ్డాను.

వంటామెకి యాభై దాటి ఉంటాయి. చేతినిండా నూనె. మూత చుట్టూ వేళ్ళు వేసి తిప్పింది, జారిపోయాయి. కొంగు వేసి తిప్పింది, ఈసారి మూతతోపాటు డబ్బా కూడా తిరిగింది. కింద కూర్చుని డబ్బాని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, అరచేతి మడమ, అదే మణికట్టు పక్కనుండే భాగం, అంచుకు ఆనించి, మోచేతి బలంతో నెట్టింది. కొంచెం కదిలింది గానీ ఊడలేదు. ఇక విసిగి అట్లకాడ అంచు కింద దోపి లేపింది. టప్‌మని అంచు విరిగింది. "బిగించడానికి ఆడదాన్ని చాలు బాబూ, తీయడానికే మగపిల్లాడు రావాలి" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదురా. చేసింది నేనే కదా.

విషయం ఏమిటంటే, మూత బెత్తెడు వెడల్పు లోపు ఉంటే చెయ్యి మొత్తం దాన్ని చుట్టేస్తుంది, అరచేయీ వేళ్ళూ కలిసి పనిచేస్తాయి. జానలో సగం దాటిందా, ఇక వేళ్ళ కొసలే మిగులుతాయి. కొసల్లో బలం ఎంత ఉంటుంది? అటు మూత పెద్దదయ్యేకొద్దీ లోపలి వాషర్ రాపిడి కేంద్రానికి దూరంగా పడుతుంది, తిప్పడానికి ఇంకా ఎక్కువ బలం అడుగుతుంది. చెయ్యి బలహీనపడే చోటే మూత మొండికేస్తుందన్నమాట.

ఇంకోటి. ఆ హాస్టల్లో పులిహోర గుజ్జు వేడివేడిగా డబ్బాకెత్తి వెంటనే మూత బిగిస్తారు. చల్లారాక లోపల గాలి ఒత్తిడి తగ్గి, బయటి గాలి మూతను కిందికి నొక్కుతుంది. 14 సెంటీమీటర్ల మూతంటే దాదాపు 154 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి పదో వంతు తగ్గిందనుకున్నా, మూత మీద పదిహేను కిలోల బియ్యం మూట పెట్టినట్టే. దానికితోడు మరల్లో ఉప్పు పేరుకుంటుంది. జాడీకి వాసెన కట్టిన రోజుల్లో ఈ బాధ లేదు, గుడ్డలోంచి గాలి ఆడేది.

మర మూత సీసాకి అమెరికాలో జాన్ మేసన్ పేటెంట్ తీసుకున్నది 1858లో. అప్పటి నుంచీ మూతకి పట్టు అంటే చుట్టూ సన్నగీతలే అన్నట్టు మేమూ అదే అచ్చు కొడుతున్నాం. నూనె చేతికి ఆ గీతలు ఎందుకూ పనికిరావు, నూనె నిండి నున్నగా అయిపోతాయి. 1990లో ఆక్సో అనే అమెరికా వంటసామాన్ల కంపెనీ వాళ్ళ కూరగాయల పీలర్ వచ్చింది, గుర్తుందా, ట్రైనింగ్‌లో చెప్పారు. ఆ కంపెనీ పెట్టిన శామ్ ఫార్బర్ భార్యకి కీళ్ళవాతం, ఆమె చేతి కోసం లావు రబ్బరు పిడి పెట్టారు. నేనూ ముందు అదే దారిన వెళ్ళి అంచుకి మెత్తటి రబ్బరు తొడిగాను. పొడిచేతికి బాగుంది, నూనె చేతికి మళ్ళీ పాత కథే. పిడి గుప్పిట్లో ఇముడుతుంది, పెద్ద మూత ఇమడదు. వంటామె మోచేతి బలంతో నెట్టిందని చెప్పానే, అది గుర్తొచ్చాక గానీ దారి దొరకలేదు. పెద్ద మూతకి కావలసింది నెట్టడానికి ఒక గోడ.

అందుకని సన్నగీతలన్నీ తీసేసి చుట్టూ ఆరు పెద్ద బుడిపెలు పెట్టాను, పక్కలు నిలువుగా, అరచేతి మడమ ఆనేలా. మీట లెక్కన వీటితో లాభం కొంచెమే, చెయ్యి జారకపోవడమే అసలు లాభం. మరి బిర్రుగా బిగుసుకున్న రోజు? మూత పైభాగాన్ని పళ్ళెంలా కొంచెం దించి, చుట్టూ లేచిన గట్టులో ఎదురెదురుగా రెండు గాడులు కోశాను. అప్పడాల కర్ర అడ్డంగా వేస్తే అందులో కూర్చుంటుంది. ముప్పై సెంటీమీటర్ల కర్ర కొసన నెడితే కేంద్రం నుంచి పదిహేను దూరం. మూత అంచున నెడితే ఏడే. అంటే సగం బలం చాలు. ఆ కర్రతోనే బిగిస్తే కొంప మునుగుతుంది కాబట్టి, గాడికి ఒక గోడ నిలువుగా, రెండోది వాలుగా పెట్టాను. బిగించే వైపు తిప్పితే కర్ర వాలు మీదుగా పైకి జారి వచ్చేస్తుంది. ఇది తట్టిన రాత్రి నిద్ర పట్టలేదు బావా!

మిగతావి చిన్నవే. వెడల్పు వాషర్ బదులు పలుచటి పెదవిలాంటిది వేశాం. మర గీత ఒక్క చోట కాక మూడు చోట్ల మొదలయ్యేలా చేశాం, మూడో వంతు చుట్టుకే ఊడుతుంది. వాలు పెరిగింది కదా, లారీ కుదుపుకి తనంతట తాను వదులవకుండా చివర చిన్న బొడిపె పెట్టాల్సి వచ్చింది.

డై, అదే మూత పోసే అచ్చు, దాని దగ్గర మాత్రం చుక్కలు కనిపించాయి. బుడిపెలు గట్టిగా నిండుగా పోస్తే చల్లారేటప్పుడు పైన సొట్ట పడుతుంది. లోపల డొల్ల చేస్తే ఊరగాయ ఇరుక్కుని కడగడానికి రాదు. చివరికి అంచు గోడనే ఒకే మందంతో అలలా వంచాం, లోపల వేలు పట్టేంత వంపు ఉంచి. బాలానగర్‌లో 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, మనం ట్రైనింగ్ చేసిన చోటే, అక్కడ మనకి నూరిపోసిన మందం పాఠమే ఇది. అప్పుడు విసుక్కునేవాళ్ళం.

కొత్త మూతలు నాలుగు పట్టుకుని అదే వంటింటికి వెళ్ళాను. ఆమెకి ఏమీ చెప్పలేదు. నూనె చేత్తోనే బుడిపెకి అరచేతి మడమ ఆనించి ఒక్క నెట్టు నెట్టింది, వచ్చేసింది. గుజ్జు డబ్బా మాత్రం రాలేదు. కర్ర వెయ్యాలని ఆమెకి తట్టలేదు, నేను చూపించాల్సి వచ్చింది. అంటే గాడి తనంతట తాను చెప్పడం లేదు. అది ఇంకా సరిచేయాలి, గాడి వెడల్పు పెంచాలా, రంగు మార్చాలా అని ఆలోచిస్తున్నా.

అందుకే రెండు డబ్బాలు రేపటి బస్సుకి వేస్తున్నా. ఒకదాంట్లో గుజ్జు వేడిగా ఎత్తి బిగించి, రాత్రంతా ఉంచి, పొద్దున పిన్ని చేతికివ్వు. పక్కనే అప్పడాల కర్ర పెట్టు, నోరు మాత్రం విప్పకు. ఆమె చెయ్యి మొదట ఎక్కడికి పోయిందో చూసి నాకు రాయి.

నీ
బావ