సీసా నీళ్లు సరే, చేపపిల్లల పరీక్ష ఏదీ?

సంపాదకులకు,

మాది ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు పక్క ఊరు. మొన్న పెద్దవాన పడ్డ మర్నాడు మా చెరువులో రవ్వలు, బొచ్చెలు పొట్టలు పైకి తేలేశాయి. మూడో రోజు వచ్చిన అధికారులు రెండు సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లి, ‘ఆక్సిజన్ తగ్గి ఉంటుంది’ అన్నారు. మూడు రోజుల్లో ఆ నీళ్లలో ఏం మిగిలి ఉంటుందో మరి!

నేను జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఒక రసాయనం ఎంత ఉంటే చేపలు చస్తాయో తేల్చే పరీక్ష ఎప్పటినుంచో ఉంది. తొట్టెల్లో రసాయనం మోతాదు పెంచుకుంటూ పోయి, చేపపిల్లల్ని వదిలి, 96 గంటలు చూడాలి. సగం చేపలు చచ్చే మోతాదునే ఎల్‌సీ50 అంటారు. ఆక్సిజన్ తగ్గకుండా చూస్తారు, రసాయనం కలపని తొట్టె కూడా ఒకటి పెడతారు. కాబట్టి అక్కడ చేపలు చస్తే ఆక్సిజన్ తగ్గిందన్న సాకు చెల్లదు. చదువుకునే రోజుల్లో రాత్రుళ్లు మేలుకుని చచ్చినవాటిని తీసి లెక్క రాసేవాణ్ణి. ఆ వాసన ఇప్పటికీ గుర్తే.

పర్యావరణ పరిరక్షణ నియమాల్లోనూ ఈ మాట ఉంది: ఫ్యాక్టరీ వదిలే నీళ్లలో, మంచినీళ్లు కలపకుండా, చేపల్ని 96 గంటలు ఉంచితే నూటికి 90 బతకాలి. మా చెరువుకొచ్చే వాగు మీదున్న ఫ్యాక్టరీల్లో ఈ పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగింది? ఎన్ని బతికాయి? ఆ కాగితం పంచాయతీ గోడకు అంటించమని అడుగుతున్నాం.

– ఒక రిటైర్డ్ లెక్చరర్, సంగారెడ్డి జిల్లా