రాష్ట్రపతి ఎన్నికపై పిటిషన్ వస్తే పూర్తిగా వినాలి

కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2027 జులైలో ద్రౌపది ముర్ము గారి పదవీకాలం ముగుస్తుంది. ఆలోగా 1952 నాటి రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికల చట్టంలో ఒక సవరణ చేయమని అడగడానికే ఈ లేఖ.

నామినేషన్‌కి 50 మంది ప్రతిపాదకులు, మరో 50 మంది బలపరిచేవాళ్లు ఉండాలని 1997లో నిబంధన పెట్టారు. 1969లో 15 మంది బరిలో నిలిచిన ఈ ఎన్నికలో 1997 నుంచి ప్రతిసారీ ఇద్దరే మిగులుతున్నారు. సరే, అది మంచికే అనుకుందాం. ఫలితాన్ని సవాలు చేయడమూ అంతే కష్టం. అభ్యర్థి గానీ, కనీసం 20 మంది ఎంపీలు, ఎమ్మెల్యేలు కలిసి గానీ 30 రోజుల్లో సుప్రీంకోర్టుకు వెళ్లాలి. సొంత పార్టీని కాదని సంతకం పెట్టే ఎమ్మెల్యేలు ఎందరుంటారో మీకు నేను చెప్పాలా? పైగా అక్కడి తీర్పే ఆఖరు, అప్పీలు లేదు.

ఇంత వడపోత దాటి వచ్చిన పిటిషన్ 2012లో ఏమైంది? ప్రణబ్ ముఖర్జీ గారు నామినేషన్ నాటికి పోటీకి అనర్హుణ్ని చేసే లాభదాయక పదవిలో ఉన్నారని ప్రత్యర్థి పి.ఎ. సంగ్మా వాదించారు. భారత గణాంక సంస్థ పాలకమండలి ఛైర్మన్ పదవికి ముందే రాజీనామా చేశానని ప్రణబ్ గారి జవాబు. ఆ రాజీనామా మీదే వివాదం. సాక్షులను పిలవకుండానే, ప్రాథమిక దశలోనే 3-2 మెజారిటీతో పిటిషన్‌ను కొట్టేశారు. పూర్తి విచారణ జరగాల్సిందేనన్న ఆ ఇద్దరు జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ రంజన్ గొగోయ్. సంగ్మా గెలిచేవారని నేను అనను. విని కొట్టేసి ఉండాల్సింది.

1969 ఎన్నిక వివాదంలో అలాగే విన్నారు. ఆ ఎన్నికలో ఓడిన నీలం సంజీవరెడ్డి గారి మీద పేరులేని కరపత్రం పంచారన్న ఆరోపణపై సాక్షులను విచారించారు. వి.వి. గిరి గారు రాష్ట్రపతిగా ఉండగానే సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. చివరికి పిటిషన్లు వీగిపోయాయి. అయినా ఏం జరిగిందో రికార్డుకెక్కింది.

అభ్యర్థి అర్హత మీద పిటిషన్ వస్తే సాక్ష్యాలు తీసుకున్నాకే తేల్చాలని, అదీ ఆరు నెలల్లో ముగించాలని చట్టంలో రాయండి. రాజ్యాంగం 71(3) అధికరణం ఈ ఎన్నికపై చట్టం చేసే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. ఊరికే కేసులు పెరుగుతాయన్న టెన్షన్ అక్కర్లేదు, 20 మంది నిబంధన ఎలాగూ ఉంది. అభ్యర్థుల పేర్లు బయటికి రాకముందే బిల్లు పెడితే, ఫలానా వారి కోసం తెచ్చారన్న మాటా పడదు.

ఇట్లు,
ఒక ఓటరు