ట్రంకు పెట్టెలో కాగితాలు ఒకసారి బయటికి తీయండి

తల్లిదండ్రులకు, పిల్లల్ని సాకుతున్న అవ్వాతాతలకు నమస్కారం.

ఈసారి మార్కుల సంగతి రాయడం లేదు, అవి ప్రోగ్రెస్ కార్డుల్లో చూసుకోండి. తల్లికి వందనం డబ్బులు పడిన రోజుల్లో నా గది ముందు నిలబడిన తల్లులు అడిగింది ఒకటే మాట: "పక్కింటామెకు పడింది, నాకెందుకు పడలేదు మేడం?" కొందరు ఏడ్చారు కూడా. ఒక్కొక్కరి కాగితాలు తీసి చూస్తే, నిజంగా అర్హత లేనివాళ్లు చాలా తక్కువ. మిగతా అందరిదీ ఎక్కడో చిన్న ముడి.

పథకం గురించి రెండు ముక్కలు. 2025 జూన్‌లో మొదలైంది. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ప్రతి బిడ్డకూ 15 వేలు. అందులో 2 వేలు బడి నిర్వహణకు పోను 13 వేలు తల్లి ఖాతాలో పడతాయి. ఇంట్లో ముగ్గురు చదివితే ముగ్గురికీ వస్తుంది. పాత అమ్మఒడి ఇంటికి ఒక్కరికే ఇచ్చేవాళ్లు కాబట్టి ఇదీ అంతే అనుకుని, రెండో బిడ్డ సంగతి అడగనే అడగని తల్లులు మన ఊళ్లో ఉన్నారు.

ఇక ముడులు. ఒకామె ఇంట్లో ఉన్నవి ఒక ఫ్యాను, రెండు లైట్లు. నెలకు 300 యూనిట్లు దాటిందని జాబితాలోంచి పేరు తీసేశారు. ఆరా తీస్తే ఆమె ఆధార్ మునుపు అద్దెకున్న ఇంటి మీటరుకు అతుక్కుని ఉంది. ఆ ఇంటాయనకు రెండు ఏసీలు! కరెంటు ఆఫీసులో అర్జీ పెట్టి ఆ మీటరు నుంచి ఆధార్ తీయించుకుంటే గానీ పని కాలేదు. ఇల్లు మారినవాళ్లు ఇది తప్పక చూసుకోండి.

ఇంకొకరికి డబ్బు పడింది, ఆమెకే తెలియదు. డ్వాక్రాకు ఒక ఖాతా, గ్యాస్ సబ్సిడీకి ఇంకొకటి, ఉపాధి హామీకి మరొకటి. ప్రభుత్వం డబ్బు మనం చెప్పిన ఖాతాలో పడదు, ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకును లింకు చేశారో ఆ ఖాతాలో పడుతుంది. బ్యాంకులో అడిగేటప్పుడు "ఆధార్ ఇచ్చాను కదా" అంటే సరిపోదు, "ఎన్‌పీసీఐ లింకు ఉందా" అని అడగండి. ప్రభుత్వం డబ్బు ఏ ఖాతాకు పోవాలో చూపేది ఆ లింకే. లేదంటే పోస్టాఫీసు బ్యాంకు ఖాతా తెరవడం అన్నిటికన్నా సులువని నా అనుభవం.

మా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఒక పాప అడ్మిషన్ ఎక్కించేటప్పుడు తల్లి ఆధార్‌లో ఒక అంకె తప్పు కొట్టాం. నేను సంతకం పెట్టిన కాగితమే అది. దిద్దించేసరికి నెలలు పట్టింది, ఆ తల్లి ఊరి సచివాలయానికీ బడికీ ఎన్నిసార్లు తిరిగిందో. అందుకే ఇప్పుడు ప్రతి బిడ్డ వివరాలూ ప్రింటు తీసి ఇంటికి పంపుతున్నాం. చదివి సంతకం పెట్టండి. చదవకుండా మాత్రం పెట్టొద్దు. చదవడం రాకపోతే మీ బిడ్డ చేతే చదివించుకోండి, అదీ ఒక పాఠమే.

హాజరు 75 శాతం ఉండాలన్న సంగతి అందరికీ తెలుసు. నారుమళ్లు, కోతలు, రొయ్యల గుంటల పనులు వచ్చినప్పుడు పిల్లల్ని వెంట తీసుకుపోతే అది పడిపోతుంది, దానికి నేను చేయగలిగింది లేదు.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే ఉంది.

మన బడిలో తండ్రి లేని పిల్లలున్నారు. తల్లి కువైట్‌లోనో బెంగళూరులోనో ఉంటే అవ్వ దగ్గర పెరిగేవాళ్లున్నారు. తండ్రి వదిలేసి పోయినవాళ్లు, ఇంట్లో పెద్ద దిక్కు మంచాన పడినవాళ్లు ఉన్నారు. ఇలాంటి పిల్లల్లో అర్హులకు మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 4 వేలు స్పాన్సర్‌షిప్ ఇచ్చే ఏర్పాటు ఉంది. తల్లి వితంతువైనా, విడాకులు తీసుకున్నా, భర్త వదిలేసినా, తల్లిదండ్రులిద్దరూ లేక బంధువుల దగ్గర పెరుగుతున్నా, తల్లికో తండ్రికో ప్రాణాంతక జబ్బు ఉన్నా అడగవచ్చు. ఇంటి ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72 వేలు, పట్టణాల్లో 96 వేలు దాటకూడదు. బిడ్డకు 18 ఏళ్లు వచ్చేదాకా, చదువు మానకుండా ఉంటేనే.

తల్లికి వందనం సంగతి అడిగినవాళ్లు బారులు తీరారు. దీని గురించి నన్ను అడిగినవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు ఎక్కువ. తెలియకపోవడం ఒక కారణం. రెండోది మొహమాటం. "మా ఆయన వదిలేశాడని కాగితం మీద ఎట్టా రాసిచ్చేది మేడం" అని ఒక తల్లి అంది. అర్థం చేసుకోగలను. కానీ ఆ కాగితం ఊళ్లో చదవరమ్మా. అంగన్‌వాడీ సూపర్‌వైజర్ ద్వారానో సీడీపీవో (అంగన్‌వాడీలను చూసే అధికారి) ఆఫీసు ద్వారానో జిల్లా బాలల సంరక్షణ విభాగానికి పోతుంది. నా గదిలో చెప్పిన మాట గది దాటదు. బిడ్డ పుట్టిన సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువపత్రం, మరణం అయితే ఆ సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం సిద్ధం చేసుకోండి. స్టడీ సర్టిఫికెట్ అడిగిన రోజే ఇస్తాం. ప్రతి నెలా టంచనుగా డబ్బు పడుతుందని మాట ఇవ్వలేను, ఆలస్యాలు అవుతుంటాయి. అయినా అర్జీ పెట్టనివాళ్లకు ఆలస్యంగా కూడా రాదు కదా.

భర్త లేని తల్లులకు నెలకు 4 వేలు పింఛను వేరే ఉంది. వైకల్యం ఉన్న బిడ్డకు 6 వేలు. దానికి సదరం సర్టిఫికెట్‌లో (వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చి ఇచ్చేది) కనీసం 40 శాతం ఉండాలి, స్లాటు సచివాలయంలోనే బుక్ చేస్తారు. "చిన్నబిడ్డ, పెద్దయ్యాక నడుస్తాడులే" అని ఏళ్లు గడిపేయకండి. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ ఉచితం, ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత ఫలితం. బడికి డాక్టర్ల బృందం వచ్చినప్పుడు చెవి, కన్ను, గుండె పరీక్ష చేసి చీటీ రాసిస్తే, దాన్ని పట్టుకుని నెల్లూరు పెద్దాసుపత్రికి పోండి, పుస్తకంలో దాచిపెట్టకండి.

ఎస్టీ కాలనీ వాళ్లకు ఒక మాట. పుట్టిన సర్టిఫికెట్ లేదు కాబట్టి ఆధార్ లేదు, ఆధార్ లేదు కాబట్టి ఏదీ లేదు. ఈ గొలుసు మొదటి లంకె దగ్గరే తెగాలి. పుట్టి ఏడాది దాటితే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. కష్టమే, కానీ అయ్యే పనే. మా సార్లలో ఒకరు మీతో సచివాలయానికి వస్తారు. ఆధార్ ఉన్న పిల్లలకు 5 ఏళ్లప్పుడు, 15 ఏళ్లప్పుడు వేలిముద్రలు మళ్లీ వేయించాలి, మరిచిపోవద్దు.

ఎనిమిదో తరగతి వాళ్ల తల్లిదండ్రులు ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్షకు పిల్లల్ని పంపండి. ఆదాయం 3.5 లక్షల లోపు ఉండి పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12 వేలు. ప్రైవేటు బడి పిల్లలకు ఇది లేదు, మనకే ఉంది. సాయంత్రం బడి విడిచాక గంటసేపు మేమే చెబుతాం. ఆడపిల్లల్ని చీకటి పడకముందే పంపిస్తాం, టెన్షన్ పడకండి. పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి, ఏడాదికి 250 కట్టినా చాలు.

ఈ పనులు చేసిపెడతామని ఎవరైనా వెయ్యి, రెండు వేలు అడిగితే ఇవ్వకండి. ఫోనులో ఓటీపీ అడిగితే అది మన డబ్బు పోయే దారి. సర్టిఫికెట్లు చాలావరకు ప్రభుత్వం వారి "మన మిత్ర" వాట్సాప్ నంబరు 9552300009 లోనే అడగవచ్చు. సచివాలయంలో తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, రసీదు మాత్రం పదిలం. బిడ్డకు ఏ ఆపద వచ్చినా, పెళ్లి చేసేస్తున్నారన్నా, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. మీ పేరు చెప్పక్కర్లేదు.

వచ్చే రెండు శనివారాలు మధ్యాహ్న భోజనం అయ్యాక నేనూ, ఇద్దరు టీచర్లూ కంప్యూటర్ గదిలో కూర్చుంటాం. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, కరెంటు బిల్లు, మీ దగ్గరున్న ఫోను తెచ్చుకోండి. పనికి పోయేవాళ్లు సాయంత్రం ఆరు దాకా రావచ్చు. అవ్వాతాతలకు కుర్చీలు వేస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు