మావయ్య ఫైలు

సనత్‌నగర్, హైదరాబాద్

బంగారూ,

సోమవారం ఒక రోగి గురించి అందరూ కలిసి చర్చించే కేస్ కాన్ఫరెన్స్‌లో సైకియాట్రీ పీజీలు, సైకాలజీ వాళ్లు, నర్సింగ్ వాళ్లు అందరూ ఉంటారని నిన్న ఫోన్‌లో చెప్పావు. "నేను సోషల్ వర్క్ స్టూడెంట్‌ని, డాక్టర్ల ముందు ఏం మాట్లాడతానమ్మా" అన్నావు. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. అందుకే రాస్తున్నాను.

చిన్న మావయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. నువ్వప్పుడు నాలుగో తరగతి. మనసు నిలకడ తప్పకుండా ఇచ్చే లిథియం మాత్రలతో రెండేళ్లుగా బాగానే ఉన్నాడు. ఆ వేసవిలో ఇంకో డాక్టరు బీపీ ఉందని ఉప్పు బాగా తగ్గించమన్నారు. నేనే దగ్గరుండి చప్పిడి కూరలు వండిపెట్టాను, ఆవకాయ జాడీ అటక మీద దాచాను. కొన్నాళ్లకు చేతులు వణకడం మొదలైంది. కౌన్సెలింగ్‌కు తీసుకెళ్తే టెన్షన్ అన్నారు, ఊపిరి నెమ్మదిగా పీల్చి వదలడం నేర్పారు. తర్వాత వాంతులు, నడిస్తే తూలడం, మాట ముద్దగా రావడం. అడ్మిట్ చేసిన రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు, "ఇంట్లో ఏం తింటున్నాడమ్మా?" అని అడిగింది. అన్నాళ్లలో ఆ మాట అడిగింది ఆవిడొక్కతే. చెప్పిందంతా ఫైల్లో రాసుకుంది. రక్తపరీక్షలో లిథియం మోతాదు మించిందని తేలింది. ఒంట్లో ఉప్పు తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పోనివ్వవట. మే నెల ఎండల్లో చెమట పట్టి నీరు తగ్గితే మరీ ప్రమాదం.

వాళ్లలో ఎవరూ నిర్లక్ష్యం చేశారనను. ఎవరికి తెలిసింది వాళ్లు చేశారు. కానీ ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరవేసేది నేనే కదా. బీపీ డాక్టరు దగ్గర లిథియం పేరెత్తాలని, కౌన్సెలర్‌కు ఉప్పు సంగతి చెప్పాలని నాకేం తెలుసు? ఆ బరువు ఏ ఇంటి ఆడమనిషి మీదా పడకూడదు తల్లీ.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టును, సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ను, మానసిక ఆరోగ్య నర్సును కూడా నిపుణులుగానే చూస్తుంది. చట్టంలో ఉన్నది వార్డులోకి రావాలంటే మీరు చదువుకునేటప్పుడే ఒకరి పని ఒకరికి తెలియాలి. ఎవరి క్లాసు వాళ్లది, ఎవరి క్యాంటీన్ బల్ల వాళ్లది అయితే, రేపు ఉద్యోగంలో చేరాక ఎక్కడ నేర్చుకుంటారు?

ఏ మందు దేనితో పడదో పీజీలను అడుగు. అడగడానికి సిగ్గుపడకు. వాళ్లకు నువ్వు చెప్పాల్సినవీ ఉన్నాయి: ఆ ఇంట్లో వంట ఎవరు చేస్తారు, మాత్రలు ఎవరి దగ్గర ఉంటాయి, నెలనెలా వచ్చిపోవడానికి బస్సు చార్జీలకైనా డబ్బుందా అని. నర్సులు రాత్రి రాసేది పొద్దున్నే వెళ్లి చదువు. అది ఎవరూ చదవరని ఆ రోజు మావయ్య వార్డు నర్సే నాతో అంది.

మానసిక ఆసుపత్రి ఉందని మన వీధిలో 'ఎర్రగడ్డ' అన్న మాటను ఇప్పటికీ తిట్టులాగే వాడుతున్నారు. మొన్న పక్కింటి ఆవిడ కొడుకు గురించి ఏడిస్తే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలీమానస్ నంబరు 14416 ఇచ్చాను. తెలుగులోనే మాట్లాడారట. ముందు కౌన్సెలర్ విని, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతామన్నారని చెప్పింది. ఆవిడ ముఖం కాస్త తేటపడింది.

నీ భయం గురించి మావయ్యకు చెప్పాను. "నా సంగతే వాళ్లందరి ముందూ చెప్పమను" అన్నాడు. ఫైలు జిరాక్స్ తీయించి, పేరున్న చోటల్లా కాగితం అంటించి కొరియర్‌లో పంపుతున్నాను. నర్సు రాసిన పేజీ మూల మడిచి పెట్టాను.

అమ్మ