రెండు నోడ్ల క్లస్టర్‌లో ఫెన్సింగ్ వదలకురా

శీనూ,

మీ ఆఫీసు సైట్‌ని రెండు సర్వర్ల (నోడ్ల) మీద, ఒకటి పోయినా రెండోది నడిపేలా హై అవైలబిలిటీ క్లస్టర్‌గా పెట్టే పని నీకు వచ్చిందని విని చాలా సంతోషం వేసింది. ఫోన్లో సగమే మాట్లాడుకున్నాం, అందుకే మిగతాది వివరంగా రాస్తున్నాను.

సర్వీసులని నడిపే పేస్‌మేకర్, నోడ్ల మధ్య కబుర్లు చేరవేసే కోరోసింక్ ఎక్కించడం, క్లస్టర్ పనులకుండే హెచ్ఏక్లస్టర్ యూజర్‌కి రెండు నోడ్లలోనూ ఒకే పాస్‌వర్డ్ పెట్టడం, ఫైర్‌వాల్ తెరవడం, పీసీఎస్ కమాండ్‌తో రెండింటినీ కలపడం... వీటికి టెన్షన్ అక్కర్లేదు, చకచకా అయిపోతాయి. నా బెంగంతా ఫెన్సింగ్ గురించే, అంటే జవాబివ్వని నోడ్‌ని బలవంతంగా ఆపేయడం గురించి.

ఈ ఫెన్సింగ్ చేసే స్టోనిత్‌ని ఆపేస్తే పని సులువవుతుందని నీకు చాలామంది చెబుతారు. నేర్చుకునే మెషీన్ల మీద అయితే సరే, జనం వాడే సైట్‌కి మాత్రం వద్దురా. రెండు నోడ్ల మధ్య నెట్‌వర్క్ తెగిందనుకో. మొదటి నోడ్ బతికే ఉంది, దాని మీద వెబ్ సర్వర్ అపాచీ నడుస్తూనే ఉంది. దాని కబురు అందని రెండో నోడ్ అది పోయిందనుకుని వర్చువల్ ఐపీని (జనం సైట్‌కి వచ్చే అడ్రస్‌ని) తీసుకుంటుంది, షేర్డ్ డిస్క్‌ని తానూ మౌంట్ చేస్తుంది. ఎక్స్ఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4 లాంటి ఫైల్ సిస్టమ్‌లు ఒకేసారి రెండు చోట్ల మౌంట్ చేయడానికి పనికిరావు. రెండు వైపుల నుంచీ రాతలు పడితే ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. సైట్ కాసేపు ఆగితే మళ్లీ లేపుకోవచ్చు కానీ, డేటా పోతే బ్యాకప్ ఎంత పాతదైతే అంత నష్టం. మూడు నోడ్లుంటే మెజారిటీ కాపాడుతుంది. రెండే ఉన్నప్పుడు కోరోసింక్ ఒక్క ఓటుతోనే కోరం (నడవడానికి కావలసిన మెజారిటీ) ఇచ్చేస్తుంది కాబట్టి ఆ రక్షణ కూడా లేదు. అందుకే అవతలి నోడ్‌కి పవర్ తీసేసి, అది ఆగిందని తేలాకే ఇవతలిది బాధ్యత తీసుకోవాలి.

మీ సర్వర్లకి ఐపీఎంఐ (సర్వర్ పవర్‌ని దూరం నుంచి ఆపే ఏర్పాటు) ఉంటే దానితోనే మొదలుపెట్టు. రెండు నోడ్లూ ఒకేసారి ఒకదాన్నొకటి ఆపేసుకోకుండా, నువ్వు బతికి ఉండాలనుకునే నోడ్‌ని పడగొట్టే ఫెన్సింగ్ డివైస్‌కి కొన్ని సెకన్ల డిలే పెట్టు. ఇంకొకటి, ఇది చాలామంది మరిచిపోతారు: సర్వర్‌కి కరెంటు పూర్తిగా పోతే దాని ఐపీఎంఐ కూడా పోతుంది. అప్పుడు ఫెన్సింగ్ విజయవంతమైందని తేలదు, క్లస్టర్ ఎదురుచూస్తూ ఉండిపోతుంది, సైట్ రెండో నోడ్ మీద లేవదు. మీ ర్యాక్‌లో స్విచ్ చేయగలిగే పీడీయూ (సర్వర్లకి కరెంటు పంచే పెట్టె) ఉంటే దాన్ని రెండో స్థాయి ఫెన్సింగ్‌గా చేర్చు.

ఇక అపాచీ. వాల్యూమ్ గ్రూప్ (షేర్డ్ డిస్క్ స్థలం), ఫైల్ సిస్టమ్, వర్చువల్ ఐపీ, అపాచీ, ఈ వరుసలో ఒకే గ్రూప్‌లో పెట్టు. ఇదే వరుసలో లేస్తాయి, వెనక నుంచి ఆగుతాయి. బూట్ అవగానే లైనక్స్‌లో సర్వీసులని నడిపే సిస్టమ్‌డీ అపాచీని లేపకూడదు, ఆ పని పేస్‌మేకర్‌దే. అపాచీ బాగుందో లేదో పేస్‌మేకర్ దాని సర్వర్-స్టేటస్ పేజీ అడిగి తెలుసుకుంటుంది కాబట్టి లోకల్‌హోస్ట్‌కి దాన్ని తెరిచి ఉంచు. లాగ్ ఫైళ్లని ఎప్పటికప్పుడు మార్చే లాగ్‌రొటేట్ ఫైల్‌లో సిస్టమ్‌డీతో రీలోడ్ చేసే లైన్ ఉంటుంది, దాన్ని కూడా మార్చాలి.

నోడ్‌ని పక్కన పెట్టే స్టాండ్‌బై కమాండ్‌తో ఒక్కసారి మార్చి చూసి సరిపోయిందనుకోకు, అది అన్నీ సవ్యంగా ఆగే పద్ధతి. కేబుల్ పీకు, కెర్నల్‌ని క్రాష్ చెయ్యి, పవర్ తీసెయ్యి. సైట్ అందరికీ తెరవకముందే ఇవన్నీ చూసెయ్యి.

మీ సర్వర్ల మోడల్, పీడీయూ ఏదో చూసి రాయి. ఏ ఫెన్స్ ఏజెంట్ (ఆ డివైస్‌తో ఫెన్సింగ్ చేయించే ప్రోగ్రామ్) సరిపోతుందో చూసి చెబుతాను.

నీ
రవి