తాతయ్య సైకిలు ఎవరికీ ఇవ్వొద్దు నాన్నా

సార్సెల్ (పారిస్ పక్కన), నవంబర్ 3

నాన్నా,

ఎలా ఉన్నావు. కంటి ఆపరేషన్ అయి ఇంకా పన్నెండు రోజులే, అప్పుడే నల్ల కళ్ళజోడు పక్కన పడేసి పేపరు చదివేస్తున్నావంట, అమ్మ చెప్పింది. అలా చేయకు. చుక్కల మందు ఒక్క పూట కూడా మానకు. ఈ ఉత్తరం కూడా నువ్వు చదవక్కర్లేదు, చెల్లి చేత చదివించుకో, ప్రింట్ తీసిమ్మని దానికి చెప్పాను.

నేను బాగానే ఉన్నాను. వీడియో కాల్లో చిక్కిపోయి కనిపించానని అమ్మ ఏడ్చిందంట, అది ఈ గదిలో లైటు అలాంటిది, అంతే. రెండు పూటలా అన్నం వండుకుంటున్నాను, ఆదివారం పారిస్‌లో మన సరుకులు దొరికే లా షాపెల్ వెళ్ళి మునక్కాడలు, కరివేపాకు తెచ్చుకున్నాను, ఆవకాయ సగం సీసా ఇంకా ఉంది. ఈ నెలంతా నైట్ డ్యూటీలు. దాని గురించి రాయడానికేం లేదు, ముసలాళ్ళకి మందులిచ్చి పక్కలు మార్చడమే కదా. వంటింటి కప్పుకి డబ్బులు వేశాను, మేస్త్రీకి మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు.

ఒకటో తారీఖున, ఫ్రెంచోళ్ళు యానాం వదిలిన రోజని చేసే జెండా పండగలో ఎవరో నిన్ను "ఫ్రెంచోళ్ళ పింఛను తిన్న ఇల్లు" అన్నారని, నువ్వు ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదని చెల్లి చెప్పింది. ఆ సాయంత్రమే కదా నువ్వు ఫోన్లో అడిగావు, మీ తాతేమో తెల్లోళ్ళు మర్యాదగా వాళ్ళంతట వాళ్ళే వదిలేసి వెళ్ళారనేవాడు, వీళ్ళేమో మేం తరిమేశాం అంటున్నారు, నువ్వు ఆ దేశంలోనే ఉన్నావు కదా అసలు ఎందుకెళ్ళారో చెప్పు అని. అప్పుడు నాకు మాట రాలేదు. రెండు రోజుల్నుంచీ బుర్రలో అదే తిరుగుతోంది, అందుకే కూచుని రాస్తున్నాను.

మా హోములో ఒక పెద్దాయన ఉన్నారు, 87 ఏళ్ళు. నేను చేరిన కొత్తలో ఏ ఊరమ్మా నీది అని అడిగారు. ఇండియా అన్నాను. ఇండియాలో ఎక్కడ అన్నారు. ఎలాగూ తెలీదులే అనుకుంటూనే యానాం అన్నాను. ఆయన చెంచా కింద పెట్టేసి, కళ్ళు మూసుకుని, మనం ఎక్కాలు చెప్పినట్టు, "పాండిషేరీ, కారికాల్, యనాఓన్, షాందెర్నగోర్, మాఏ" అని ఒక్క ఊపిరిలో అనేశారు. ఇండియాలో ఫ్రాన్స్ చేతిలో ఉన్న ఈ ఐదు ఊళ్ళ పేర్లూ చిన్నప్పుడు బడిలో వాళ్ళకి బట్టీ పట్టించేవారంట. గోడ మీద మ్యాపులో ఫ్రాన్స్ వాళ్ళవన్నీ గులాబీ రంగులో ఉండేవంట, యానాం మాత్రం సూది మొనంత చుక్క. మన ఊరి పేరు తెలిసిన ఫ్రెంచాయన్ని నేను చూడ్డం అదే మొదటిసారి నాన్నా, గొంతులో ఏదో అడ్డం పడింది.

ఆయన రాత్రిళ్ళు బూట్లు వేసుకుని పడుకుంటారు. మేం విప్పి మంచం కింద పెడతాం, రెండు గంటలకి వెళ్ళి చూస్తే మళ్ళీ కాళ్ళకుంటాయి, లేసులు బిగించి రెండు ముళ్ళు వేసి మరీ. ఇరవై ఏళ్ళప్పుడు మిలిటరీ వాళ్ళు అల్జీరియా యుద్ధానికి తీసుకెళ్ళారంట, అప్పుడు అదీ ఫ్రాన్స్ చేతిలోనే ఉండేది, 28 నెలలు. ఆయన అడిగి వెళ్ళలేదు, ఆ వయసు మగపిల్లలందర్నీ అలాగే పంపేవారు, మొత్తం దాదాపు 15 లక్షల మంది వెళ్ళొచ్చారంట. అక్కడేం చేశారో, ఏం చూశారో నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

మొన్న ఒకటో తారీఖు రాత్రి నా డ్యూటీ ఆయన ఫ్లోర్లోనే. ఇక్కడ ఆ రోజు సమాధుల పండగ, అందరూ చామంతి కుండీలు కొని స్మశానాలకి వెళ్తారు. మా ఊళ్ళో ఇవాళ జెండా పండగ, 1954లో ఇదే రోజు మీ వాళ్ళు మా ఊళ్ళు అప్పజెప్పి వెళ్ళారు అని మామూలుగా చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని "అదే రోజు" అన్నారు. నాకు అర్థం కాలేదు. రూముకొచ్చాక చూశాను. నిజంగానే అదే రోజు నాన్నా. 1954 నవంబర్ 1న పాండిచ్చేరిలో ఫ్రెంచి జెండా దిగింది, మన ఊళ్ళు ఇండియా చేతికొచ్చాయి, ఆ తెల్లవారుజామునే అల్జీరియాలో పదుల చోట్ల దాడులు జరిగి యుద్ధం మొదలయింది. అది ఏడేళ్ళ పైన నడిచింది.

ఇప్పుడు తాతయ్య మాట తీసుకో. మర్యాదస్తులు కాబట్టి వదిలేశారంటే, మనల్ని వదిలేసిన ప్రభుత్వమూ అల్జీరియాకి సైన్యాన్ని పంపిన ప్రభుత్వమూ ఒకటే కదా. ప్రధానమంత్రి పేరు మెండెస్ ఫ్రాన్స్, ఆయన హోంమంత్రి మిత్తెరాన్, అల్జీరియా అంటే ఫ్రాన్సే అన్నది ఆ మిత్తెరానే, ఆ నెల్లోనే. అక్కడ పది లక్షల మంది తెల్లోళ్ళు ఇళ్ళు, పొలాలు, ద్రాక్షతోటలు పెట్టుకుని ఉన్నారు. మన దగ్గర ఏముంది, ఒక కోర్టు, ఒక చర్చి, ఒక దొర బంగళా, మంగళవారం సంత. చుట్టూ ఇండియా. మనల్ని పట్టుకుని ఉంటే ఖర్చే తప్ప వచ్చేదేం లేదు. ఒకే చేతికి మర్యాద, ఒకే చేతికి తుపాకీ ఎలా ఉంటాయి చెప్పు. తాతయ్య అబద్ధం చెప్పారని కాదు, ఆయన చూసినంత మేరకే ఆయన చెప్పారు.

కానీ ఆయనే ఇంకో కథ చెప్పేవారు కదా, ఫ్రెంచోళ్ళ చేతిలో ఉన్న వియత్నాంలో, సైగాన్లో, జపానోళ్ళు ఒక్క రాత్రిలో ఫ్రెంచి దొరల తుపాకులు లాగేసుకుని వరసగా కూచోబెట్టారని, నిన్నటిదాకా సలాం కొట్టించుకున్న దొర నీళ్ళ కోసం బతిమాలాడని. ఆ కథ చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించేవారు, గుర్తుందా, ఇంట్లో ఎవరూ లేకపోయినా సరే. అది 1945 మార్చి 9. నాకైతే వాళ్ళ రాజ్యం ఆ రాత్రే పోయిందనిపిస్తుంది. దొర చేతులెత్తడం అంతమంది కళ్ళారా చూశాక మళ్ళీ ఆ భయం ఎక్కణ్ణుంచి వస్తుంది. ఆ సెప్టెంబర్ 2న హనోయిలో వియత్నాం నాయకుడు హో చి మిన్ స్వతంత్రం ప్రకటించేశాడు. ఫ్రెంచోళ్ళు మళ్ళీ వెళ్ళారు, యుద్ధం చేశారు, కానీ సొంత దేశమే అప్పటికి జర్మనీ చేతిలో నలిగి ఉంది, చేతిలో డబ్బుల్లేవు. చివర్లో ఆ యుద్ధం ఖర్చులో ముప్పావు వంతు పైనే అమెరికా పెట్టుకుందంట. అప్పు మీద ఎన్నాళ్ళని ఇంకొకళ్ళ ఇంట్లో ఉంటావు.

అమ్మ మోకాళ్ళకి ఆ నూనె రాస్తోందా? డాక్టర్ దగ్గరకి వెళ్తానని నాతో అంటుంది, వెళ్ళదు. నువ్వే ఆటో పిలిచి తీసుకెళ్ళు.

ఆ తర్వాత వియత్నాంలోనే దియన్ బియన్ ఫూ యుద్ధం. తాతయ్య ఆ పేరు వస్తే లేచి వెళ్ళిపోయేవారు కదా, మనకేమో ఎందుకో తెలిసేది కాదు. కొండల మధ్య లోయలో ఫ్రెంచోళ్ళు పెద్ద కోట లాంటిది కట్టుకున్నారు, ఆ కొండల మీదకి ఫిరంగులు ఎక్కించడం ఎవరి వల్లా కాదనుకున్నారు. వియత్నాం వాళ్ళు విడగొట్టి, తాళ్ళు కట్టి, మనుషులే లాగి ఎక్కించేశారు. బియ్యం, తూటాలు సైకిళ్ళ మీద తోసుకెళ్ళారు నాన్నా. తొక్కలేదు, తోశారు. హ్యాండిల్‌కి ఒక వెదురు కర్ర, సీటు వెనక ఇంకో కర్ర కట్టుకుని, ఒక్కో సైకిలు మీద 200 కిలోల పైన వేసుకుని, అడవిలో రాత్రిళ్ళు. ఆ సైకిళ్ళలో చాలా ప్యూజో సైకిళ్ళంట. ఫ్రెంచోళ్ళు చేసి అక్కడ అమ్మినవే. అది చదివాక మన అటక మీద సైకిలు కళ్ళ ముందుకొచ్చేసింది. తాతయ్య సైగాన్ నుంచి ఓడలో తెచ్చుకున్నది, నువ్వు మోకాలు చీరుకుంటూ తొక్కడం నేర్చుకున్నది, నన్ను ముందు కడ్డీ మీద తువ్వాలు మడతేసి కూచోబెట్టుకుని ఫరంపేట దాకా తీసుకెళ్ళింది.

ఆ కోట 1954 మే 7న పడిపోయింది. మన దడాల రఫేల్ రమణయ్యగారు వాలంటీర్లతో యానాం పట్టుకున్నది జూన్ 13న. మధ్యలో ఐదు వారాలు. అక్టోబర్ 18న పాండిచ్చేరి దగ్గర కీళూరులో మన ఊళ్ళ ప్రతినిధులు 178 మందిలో 170 మంది ఇండియాలో కలుస్తామని ఓటేశారు. దడాలగారు వాళ్ళు చేసింది తక్కువని నేననను, ఆ రోజు ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు, ప్రాణాలకి తెగించే దిగారు. కాకపోతే తరిమితే వెళ్ళిపోయే స్థితికి వాళ్ళని తెచ్చింది ఆ సైకిళ్ళు తోసినవాళ్ళు. మన ఊరు అంత తేలిగ్గా బయటపడింది కదా, దాని ఖర్చు ఎక్కడో ముక్కూమొహం తెలియనోళ్ళు కట్టారు. నిన్ను మాట అన్నాయనకి ఇది చెప్పాలనిపిస్తే చెప్పు, గొడవ మాత్రం పడకు, బీపీ ఉంది నీకు.

నాతో పనిచేసే అమ్మాయి వాళ్ళది అల్జీరియా. పోయిన నెల పారిస్‌లో సెయింట్ మిషెల్ వంతెన దగ్గరకి తీసుకెళ్ళింది. గోడకి ఒక చిన్న పలక, 1961 అక్టోబర్ 17న శాంతిగా ఊరేగింపు చేస్తుంటే చంపేసిన అల్జీరియా వాళ్ళ గుర్తుగా అని. పోలీసులు కాల్చారు, కొట్టారు, సెయిన్ నదిలోకి తోసేశారు. ఆ పలక పెట్టింది 2001లో. నలభై ఏళ్ళు పట్టింది. అసలు అల్జీరియాలో జరిగింది యుద్ధం అని ఫ్రాన్స్ కాయితం మీద ఒప్పుకున్నదే 1999లో, అప్పటిదాకా శాంతిభద్రతల పనే. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు, పలక మీద దుమ్ము చేత్తో తుడిచింది. పండగలకి మనం గుమ్మం తుడుస్తామే, అలా.

చివరికి వాళ్ళనీ వదిలేశారు, అదీ మర్యాదతో కాదు. మిలిటరీ పరంగా గెలుస్తూనే ఉన్నారంట, అయినా పిల్లల్ని పంపిన తల్లులు విసిగిపోయారు, బయట దేశాల ముందు మొహం చెల్లట్లేదు, వచ్చేదానికంటే అయ్యేదే ఎక్కువని వాళ్ళ అధ్యక్షుడు ద గోల్ 1961 ఏప్రిల్‌లో అందరి ముందే అనేశాడు. 1962 జులైలో అల్జీరియా వెళ్ళిపోయింది. మన ఊళ్ళ కాయితాలు 1956లోనే సంతకమయి మూలన పడున్నాయి, అవి అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న, అల్జీరియా సంగతి తేలాకే.

అప్పుడే కదా తాతయ్యకి ఆరు నెలలు టైమిచ్చారు, ఫ్రెంచి పౌరుడుగా ఉంటావా ఇండియావాడివి అవుతావా అని. ఆయన ఫ్రెంచి పౌరుడిగానే ఉంటానని సంతకం పెట్టారు. ఆ ఒక్క సంతకంతోనే నీ చదువు, నాయనమ్మ మందులు, మన ఇల్లు, నా పాస్‌పోర్టు. నేను ఇవాళ ఇక్కడ కూచుని రాస్తున్నది కూడా అందుకే. ఆయన్ని తప్పు పట్టడం నాకు చేతకాదు నాన్నా, పదిహేడేళ్ళకి ఇంట్లో తిండి లేక ఓడెక్కిన మనిషి. కానీ దియన్ బియన్ ఫూ అంటే లేచి ఎందుకెళ్ళిపోయేవారో ఇప్పుడు తెలిసినట్టుంది. ఆయనకి తెలుసు. మనకి చెప్పలేకపోయారు. నువ్వు అన్నం మానేశావని విన్నప్పుడు నాకు ఆయన అలా లేచి వెళ్ళడమే గుర్తొచ్చింది. నువ్వు మానొద్దు.

డ్యూటీకి టైమవుతోంది. కార్తీక పౌర్ణమి లోపల అటక శుభ్రం చేయిస్తానని, ఆ తుప్పు సైకిలు పాతసామాన్లవాడికి వేసేస్తానని అమ్మ అంది. వేయనివ్వొద్దు. కిందకి దింపించి కిరసనాయిలు గుడ్డతో తుడిపించు. నువ్వు ఎత్తకు, కన్ను జాగ్రత్త, బరువులు వద్దన్నారు కదా, ఎదురింటి కుర్రాణ్ణి పిలువు. హ్యాండిల్ కింద ప్యూజో వాళ్ళ గుర్తు, సింహం బొమ్మ బిళ్ళ ఇంకా ఉందో లేదో చూసి, ఉంటే చెల్లిని దగ్గరగా ఒక ఫోటో తీసి పంపమను. పెద్దాయనకి చూపిస్తానని మాటిచ్చాను.

నీ కూతురు